జిరోనాలో నాలుగు గంటల భోజనానికి ఎలా సిద్ధమవ్వాలి?

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నట్టు చెప్తాను. మే నెలలో మీరు, మీ ఆవిడ, అమ్మగారు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బార్సిలోనా వస్తున్నారు. స్పెయిన్ ఈశాన్య మూలన ఉన్న కాటలోనియాలో, జిరోనా ఊళ్లోని ఎల్ సెల్లెర్ ద కాన్ రోకా అనే పేరుమోసిన రెస్టారెంట్లో మధ్యాహ్నానికో రాత్రికో టేబుల్ ఖాయం చేసుకునే అవకాశం దొరికింది. మీరు ఆవు, పంది తినరు. మీ ఆవిడ కోడి, చేప, రొయ్య వరకే. అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడకి కూడా కుర్చీ చెప్పాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నారు. అన్నిటికన్నా పెద్ద భయం, అంత డబ్బు పోసి, పేర్లు కూడా నోరు తిరగని చిన్నచిన్న ముక్కలు వరసగా తిని, ఏం తిన్నామో తెలియకుండానే బయటికి వచ్చేస్తామేమో అని.

నేను చాలా ఏళ్లుగా కాటలోనియాలో ఉంటున్నాను. ఇలాంటి భోజనం పెట్టే చోట్ల వడ్డన వైపు పనిచేశాను. మనవాళ్లు వచ్చి కూర్చున్న టేబుళ్లు చూశాను. మీ భయం సబబైనదే. దానికి మందు మాత్రం ఆ రెస్టారెంట్లో దొరకదు, దాని బయట దొరుకుతుంది. ఆ భోజనానికి ముందు కనీసం రెండు రోజులు ఆ ప్రాంతపు మామూలు తిండి తినండి. ఇంట్లో, సందు చివర హోటల్లో, రేవు పక్కన అక్కడివాళ్లు రోజూ తినేది. ఆ రుచులు నాలుకకు పరిచయమైతే, పెద్ద రెస్టారెంట్లో వచ్చే ప్రతి ముక్కలోనూ మీకు తెలిసినదేదో ఒకటి పలకరిస్తుంది. పరిచయం లేకపోతే అది ఎంత గొప్ప వంటైనా వింత వస్తువుల ప్రదర్శనలాగే మిగిలిపోతుంది. ఫోన్లో ఫొటోలు ఉంటాయి, నోట్లో ఏమీ ఉండదు.

ఇలా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. 1967లో జిరోనా శివారులోని తయాలా అనే పేటలో జోసెప్ రోకా, మొన్‌సెరాత్ ఫొంతానె దంపతులు కాన్ రోకా పేరుతో ఒక భోజన హోటల్ తెరిచారు. చుట్టుపక్కల పనిచేసుకునేవాళ్లు వచ్చి కడుపునిండా తినివెళ్లే హోటల్ అది. వాళ్ల ముగ్గురు కొడుకులూ ఆ వంటింట్లో, ఆ బల్లల మధ్యే పెరిగారు. పెద్దవాళ్లిద్దరూ 1986లో పక్కనే సొంత రెస్టారెంట్ పెట్టారు, అదే ఎల్ సెల్లెర్. జోన్ వంట, జోసెప్ వైన్లు. తర్వాత చిన్నవాడు జోర్ది వచ్చి తీపి వంటకాలు చేతిలోకి తీసుకున్నాడు. రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్లలో మూడే అత్యధికం. వీళ్లకు 1995లో మొదటి స్టార్, 2002లో రెండోది, 2009లో మూడోది. ప్రపంచంలో మేటి 50 రెస్టారెంట్ల జాబితాలో 2013లోనూ 2015లోనూ మొదటి స్థానం. 2007లో దగ్గర్లోనే ఇప్పుడున్న భవనంలోకి మారారు. మధ్యలో చెట్లున్న మూడు కోణాల అద్దాల పెరడు, దాని చుట్టూ బల్లలు. ఇంత జరిగినా అమ్మానాన్నల హోటల్ మూయలేదు. పెద్ద రెస్టారెంట్లో వంటచేసే కుర్రాళ్లు ఏళ్ల తరబడి రోజూ నడిచి వెళ్లి ఆ అమ్మ చేతి భోజనమే తిని పనికి తిరిగి వచ్చేవారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ మెనూ సగం అర్థమైనట్టే.

ఎందుకంటే ఆ భోజనం మొదట్లో వచ్చే చిరుతిళ్లలో ఒకటి ఏళ్లుగా ఏదో ఒక రూపంలో కనిపిస్తూ ఉంటుంది. అట్టముక్కతో చేసిన బొమ్మ ఒకటి బల్ల మీద విప్పుతారు. విప్పగానే కాన్ రోకా బార్ లేచి నిలబడుతుంది, అందులో అన్నదమ్ములు చిన్నపిల్లలుగా ఉంటారు. దాని మీద ఆ పాత బార్‌లో అమ్మిన తినుబండారాలు వేలెడంత సైజులో అమర్చి ఉంటాయి. పిండిలో ముంచి వేయించిన స్క్విడ్, షెర్రీ వైన్‌తో వండిన మూత్రపిండాల ముక్క, నోట్లో పగిలి కంపారి అనే ఇటలీ మద్యపు చేదు చిమ్మే గోళీ, ఇలాంటివి. ఈ స్క్విడ్ వేపుడు స్పెయిన్లో చాలా బార్లలో ఉంటుంది. ముందురోజు కాన్ రోకాలోనే ఒక ప్లేటు తిని ఉంటే, ఆ చిన్న ముక్క నోట్లో పెట్టుకోగానే మీ మొహంలో నవ్వు వస్తుంది. తినకపోతే అది ఒక కరకరలాడే ముక్క, అంతే.

ఇక రుచి పునాది. కాటలన్ వంట చాలావరకు రెండు పనుల మధ్య నడుస్తుంది. మొదలు సోఫ్రెజిట్, అంటే ఉల్లిపాయను ఆలివ్ నూనెలో సన్నసెగ మీద చాలాసేపు, ముదురు రంగు వచ్చి తియ్యబడేదాకా మగ్గించి, టమాటా వేసి అది దగ్గరపడేదాకా ఉంచడం. మనింట్లో కూరకి ఉల్లి టమాటా నూనె తేలేదాకా వేయించే ఓపికే ఇక్కడా కావాలి, కాకపోతే వీళ్ల దగ్గర కారం, ధనియాలు ఉండవు. చివర పికాదా. వేయించిన బాదం లేదా హేజల్ గింజలు, నూనెలో వేపిన రొట్టె ముక్క, వెల్లుల్లి, పార్స్లీ, కొంచెం కుంకుమపువ్వు, ఒక్కోసారి నల్ల చాక్లెట్ తురుము, అన్నీ రోట్లో నూరి, పులుసు దించబోయే ముందు కలుపుతారు. చిక్కదనం, గింజల కమ్మదనం రెండూ దాంతోనే వస్తాయి. 14వ శతాబ్దం నాటి కాటలన్ వంట రాతల్లోనే బాదం నూరి పోయడం విరివిగా కనిపిస్తుంది. పెద్ద రెస్టారెంట్లో మీకు రోలు కనిపించదు, ముద్ద కనిపించదు. ఒక చేప ముక్క కింద చెంచాడు సాస్ మాత్రమే ఉంటుంది. అందులో ఆ వేగిన గింజల వాసన పట్టుకోగలిగితే, వాళ్లు ఏం చేశారో మీకు తెలిసిపోతుంది.

మన నాలుకకు ఇంకో సర్దుబాటు కావాలి. కారం కోసం వెతకొద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఎందుకంటే కారం లేదన్న లోటును లెక్కేసుకుంటూ కూర్చుంటే మిగిలినవన్నీ జారిపోతాయి. వీళ్ల ఆట పొగ, ఉప్పు, పులుపు, కొవ్వు, సముద్రపు వాసన, కూరలో కలిపిన తీపి, వీటితో ఉంటుంది. పాలకూరలో కిస్‌మిస్, పైన్ గింజలు వేయడం, మాంసం పులుసులో చాక్లెట్ వేయడం ఇక్కడ ఇంటి వంటే. అప్పటికప్పుడు కొత్తదనం కోసం చేసినది కాదు.

రెండు మూడు వంటకాలు వివరంగా చెప్తాను. మీరు వెళ్లినరోజు సరిగ్గా ఇవే ఉంటాయని కాదు, మెనూ మారుతూ ఉంటుంది. కానీ పద్ధతి పట్టుబడుతుంది.

ఎస్కలివాదా అనేది ఈ నేలలో అతి సాదా వంట. వంకాయ, ఎర్ర క్యాప్సికమ్, ఉల్లిపాయ నిప్పుల మీద తోలు నల్లబడేదాకా కాల్చి, తోలు తీసి, చీల్చి, ఆలివ్ నూనె, ఉప్పు వేసి చల్లగా పెడతారు. తరచు దానిమీద ఈ తీరంలోని లెస్కాలా ఊరి ఉప్పు ఆంచొవీ అనే చిన్న చేప ఒకటి. వంకాయ కాల్చి పచ్చడి చేసుకునే మనకు ఇది ఒక్క ముద్దలో అర్థమవుతుంది. రోకా అన్నదమ్ములు ఇదే వంటను అద్దపు బుడ్డి కింద నిప్పుల పొగతో సహా తెచ్చి, మీ ఎదురుగా బుడ్డి ఎత్తిన రోజులున్నాయి. కూరగాయ రుచి పలచని రూపంలో ఉంటుంది, పొగ మాత్రం మొహానికి తగులుతుంది. ఆ వంటలో అసలు మసాలా నిప్పే అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ముందురోజు మామూలు ఎస్కలివాదా తిన్న మనిషికి ఈ మాట వివరించక్కర్లేదు.

రొయ్య సంగతికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, మీ ఇద్దరూ తినేది కాబట్టి. జిరోనా తీరంలో పలమోస్ అని ఒక రేవు ఉంది. అక్కడి రొయ్య పచ్చిగా ఉన్నప్పుడే ఎర్రగా ఉంటుంది. ఒడ్డుకు దగ్గరగానే సముద్రం అడుగున లోతైన కనుమలు ఉన్నాయి, వందల మీటర్ల లోతున వలలు లాగి తెస్తారు. పొద్దున వెళ్లిన పడవలు సాయంత్రం తిరిగి వచ్చాక రేవులోనే వేలం జరుగుతుంది. ఆ రొయ్యను ఇక్కడివాళ్లు ఇనుప పలక మీద ఉప్పుతో రెండు నిమిషాలు కాల్చి, తల తుంచి, తలలోని రసం పీల్చి, ఆ తర్వాతే ఒళ్లు తింటారు. రుచి అంతా తలలోనే ఉంటుంది. మనలో చాలామంది తల తీసి పక్కన పెట్టేస్తారు, దయచేసి అలా చేయొద్దు. సెల్లెర్‌లో రొయ్య వంటకం వచ్చినప్పుడు తల రసం సాస్‌గా, కాళ్లు కరకరలాడేలా వేయించి, ఒళ్లు సగం పచ్చిగా, ఇలా ఒకే ప్రాణిని ముక్కముక్కకు ఒక పద్ధతిలో పెట్టడం వాళ్లకు ఇష్టమైన పని. పలమోస్‌లో రేవు పక్కన చేతులు ఎర్రగా చేసుకుని ఒక్కసారి తిని ఉంటే, ఈ ప్లేటులో ఏ భాగం ఎక్కడిదో మీరే చెప్పగలరు.

మూడోది కొంచెం కష్టమైనది. 2005 ప్రాంతంలో వాళ్లు అడవి మట్టిని నీటిలో నానబెట్టి, తక్కువ వేడిలో గాలి తీసేసిన గాజు యంత్రంలో ఆవిరి పట్టి, మట్టి వాసన మాత్రమే ఉన్న తేట ద్రవం తీశారు. దాన్ని ఆయిస్టర్ అనే సముద్రపు గుల్లతో కలిపి వడ్డించారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. అయితే ఎంపోర్దా అనే ఆ ప్రాంతాన్ని ఒకసారి చూస్తే విడ్డూరం పోతుంది. ఒక పక్క పిరనీస్ కొండలు, వాటికి గంట దూరంలో సముద్రం. ఆ పల్లెల్లో కోడినీ పెద్ద రొయ్యనూ ఒకే మట్టి చట్టిలో వండుతారు, మాంసపు ఉండల్ని కటిల్‌ఫిష్‌తో కలిపి వండుతారు. మార్ ఇ మున్తాన్యా, అంటే సముద్రమూ కొండా అనే వంటల వరస అది. మట్టి నీళ్లు పోసిన ఆయిస్టర్ ఆ పల్లె కోడి రొయ్య కూరకే మనవడు. ఇది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం.

చాలామంది ఈ ఆధునిక స్పానిష్ వంటంతా ఫెర్రాన్ అద్రియా అనే వంటవాడి ఎల్ బుల్లి రెస్టారెంట్లోనే పుట్టిందనుకుంటారు. ఎల్ బుల్లి కూడా జిరోనా జిల్లాలోనే, రోజెస్ దగ్గర ఒక చిన్న సముద్రపు మలుపులో ఉండేది. 2011 జూలైలో రెస్టారెంట్‌గా మూతపడింది, 2023 నుంచి మ్యూజియం. దాని ప్రభావం కాదనలేనిది. కానీ అంతకు చాలా ముందే, 1961లో ఫిగేరెస్ ఊరి బయట జోసెప్ మెర్కదెర్ అనే వంటవాడు మోటెల్ ఎంపోర్దా తెరిచి, పల్లె వంటను తేలిక చేసి, శుభ్రమైన రుచిగా మార్చడం మొదలుపెట్టాడు. పడేసే ఆంచొవీ ముళ్లను వేయించి కరకరలాడే చిరుతిండి చేశాడు. లేత చిక్కుడు గింజలను పుదీనాతో సలాడ్ చేశాడు. మీరు వచ్చేది మేలో, ఆ చిక్కుడు గింజలకు అదే కాలం. ఆ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది. మీకు ఒక పూట ఖాళీ ఉండి, ఫిగేరెస్‌లో చిత్రకారుడు డాలీ మ్యూజియం చూడాలనుకుంటే, భోజనం అక్కడ పెట్టుకోండి. నా లెక్కలో సెల్లెర్‌కి అదే సరైన ముందుమాట.

అయితే ఆ రెండు రోజులు ఏం చేయాలంటే. బార్సిలోనా సాంట్స్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలెక్కితే నలభై నిమిషాల్లో జిరోనాలో దిగుతారు. ఆ రాత్రికి జిరోనాలోనే గది తీసుకోండి. మే రెండో వారం అటూ ఇటూగా ఊరంతా పూలతో అలంకరించే తెంప్స్ ద ఫ్లోర్స్ పండగ ఉంటుంది. చూడ్డానికి కన్నుల పండువ, గదులు మాత్రం దొరకవు, దొరికినా ధర పేలిపోతుంది. మీ తేదీలు దానికి తగులుతున్నాయేమో ఈరోజే చూసుకోండి. పొద్దున లెయో మార్కెట్‌కి వెళ్లి చేపల బల్లలు, ఉప్పులో వేసిన కాడ్ చేప అమ్మే దుకాణం, తాజా జున్ను చూడండి. పా అంబ్ తుమాకెట్ తినండి. కాల్చిన రొట్టె మీద పండిన టమాటా రుద్ది, నూనె, ఉప్పు చల్లడం, అంతకు మించి ఏమీ లేదు, కానీ కాటలన్ల బల్ల మీద అది తరచు కనిపిస్తుంది. దొరికితే మీ ఆవిడ కోసం కోడి రొయ్యల చట్టి కూర, మీకోసం సుకెట్ అనే బంగాళాదుంప చేప పులుసు అడగండి. సుకెట్ చివర్లో పికాదా పడుతుంది, ఆ వాసన బుర్రలో దాచుకోండి. ఒక మధ్యాహ్నం కాన్ రోకాకి వెళ్లండి. అక్కడ రోజువారీ భోజనం పద్ధతి ఉంటుంది, ఒకటి మొదట, ఒకటి తర్వాత, చివర తీపి. వారాంతంలో కుదరకపోవచ్చు, పనిరోజు చూసుకోండి. ఒక సాయంత్రం పలమోస్. ఇంతకన్నా ఎక్కువ కుక్కొద్దు, ఆకలి మిగలాలి.

ఇప్పుడు తినకూడనివాటి సంగతి. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. "శాకాహారం" అనో "మాంసం వద్దు" అనో ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. మాంసం లేదన్న ప్లేటులో పంది హామ్ తురుము, ఆంచొవీ, చేపల ఎసరు ఉండటం స్పెయిన్లో మామూలు, వాళ్ల దృష్టిలో అవి మాంసం లెక్కలోకి రావు. కాబట్టి మెయిల్లో మనిషి మనిషికీ విడివిడిగా జాబితా రాయండి. మీ పేరు కింద ఆవు, దూడ, పంది, పంది కొవ్వు, హామ్, జిలాటిన్ (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు), ఎముకల ఎసరు, ఏవేవి వద్దో అన్నీ. దూడ మాంసం పేరు ప్రత్యేకంగా రాయడం మరిచిపోవద్దు, ఈ ప్రాంతంలో అది చాలా వాడతారు, ఆవు వద్దంటే దూడ కూడా వద్దన్నట్టే అని అందరికీ తట్టదు. మీ ఆవిడ పేరు కింద ఏం తింటారో రాయడమే మేలు. కోడి, చేప, రొయ్య, అంతే అని. పావురం, బాతు, బాతు కాలేయం, కుందేలు, గొర్రెపిల్ల ఇలాంటి మెనూల్లో తరచు వస్తాయి. పచ్చివి తింటారా లేదా అన్నది కూడా చెప్పండి. పావురం, బాతు లోపల ఎర్రగా ఉండగానే వడ్డిస్తారు, బాగా ఉడికించమంటే ఉడికిస్తారు, అడగడానికి సిగ్గు పడొద్దు. వంటలో వైన్, షెర్రీ పడటం మీకు అభ్యంతరమైతే అదీ రాయాలి.

ఇవన్నీ అడిగితే వాళ్లు విసుక్కుంటారేమో అని మనవాళ్లకు ఒక మొహమాటం. అస్సలు వద్దు. ముందుగా వచ్చిన జాబితా వంటవాళ్లకు పని తేలిక చేస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నాక నాలుగో ప్లేటు చూసి "ఇది మేము తినం" అంటేనే కష్టం, ఎందుకంటే ఆ ప్లేటు తయారీ రెండు రోజుల ముందే మొదలై ఉంటుంది. నేను పనిచేసిన చోట ఇలాంటి సందర్భాల్లో వంటింట్లోంచి ఏదో ఒకటి చేసి పంపేవాళ్లు. అతిథి ఆకలితో ఉండేవాడు కాదు, కానీ తను ఏ వంట కోసం వచ్చాడో అది మాత్రం తినకుండా వెళ్లేవాడు. అది నాకు బాధగా ఉండేది.

రెస్టారెంట్ బయట కూడా ఒక జాగ్రత్త. చుట్టచుట్టగా ఉండే ఎన్సైమాదా అనే మెత్తటి బన్ను కనిపిస్తుంది, చూడ్డానికి శాకాహారమే, అందులో పంది కొవ్వు ఉంటుంది. కూరగాయల అన్నం అని రాసి ఉన్నా ఎసరు దేనితోనో అడగండి.

అమ్మగారి విషయం. ముందే చెప్తే శాకాహార భోజనం తయారుచేసే సత్తా అలాంటి వంటింటికి ఉంటుంది. గుడ్డు కూడా లేకుండా అంటే తీపి వంటకాల్లో చాలావాటికి దారి మూసుకుపోతుంది, అయినా ఏదో ఒకటి చేస్తారు. అసలు ప్రశ్న అది కాదు. ఆవిడకి ఇష్టమేనా అన్నది. మాంసం వండే వంటింట్లో వండినది తినడానికి మనసు ఒప్పుకోని పెద్దవాళ్లు మనలో చాలామంది. పక్కన కొడుకు కోడలు రొయ్య తల పీలుస్తుంటే నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడం ఆవిడకి శిక్ష కావచ్చు. మీరే నిర్ణయించేయకండి, మెనూలో ఇలా ఇలా ఉంటుందని చెప్పి ఆవిడనే అడగండి. కొందరు అమ్మలు భలే ఉత్సాహంగా వస్తారు, ప్రతి ఆకు పేరూ అడిగి తెలుసుకుంటారు, బల్ల దగ్గర అందరికన్నా బాగా ఆనందించేది వాళ్లే. రానంటే బలవంతం వద్దు. జిరోనా పాత ఊరు, నది మీది రంగురంగుల ఇళ్లు, పాత కోట గోడల మీద నడక, మధ్యాహ్నం గదిలో కాస్త విశ్రాంతి ఆవిడకి హాయి. తినడానికి టమాటా రొట్టె, ఆంచొవీ లేని ఎస్కలివాదా, పాలకూర కిస్‌మిస్ వేపుడు బాగా నప్పుతాయి. పాలకూరలో హామ్ వేయొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

మధ్యాహ్నమా రాత్రా అంటే నా ఓటు కళ్లు మూసుకుని మధ్యాహ్నానికే. ఆ అద్దాల పెరటిలో వెలుతురు చూడాలి. పైగా రాత్రి భోజనం అర్ధరాత్రికి గానీ ముగియదు, అప్పుడు బార్సిలోనాకు రైలు ఉండదు. ఆ గంటలో అంత తిండి మన ఒంటికి పడదు. మధ్యాహ్నమైతే తిన్నాక ఊళ్లో నడవొచ్చు. పొద్దున కాఫీ, ఒక పండు చాలు. ఏమీ తినకుండా మాడి వెళ్లడం కూడా మంచిది కాదు, మొదటి చిరుతిళ్లు ఆత్రంగా మింగేస్తారు.

సెంట్లు, అత్తరు ఆరోజు మానేయండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. జోర్ది రోకా తీపి వంటకాల్లో వాసనే సగం పని చేస్తుంది. పేరున్న పరిమళాల వాసనలను పళ్లు, పూలు, క్రీములతో తిరిగి కట్టి డెజర్ట్‌గా చేసిన మనిషి ఆయన. గొర్రెపాలతో చేసిన ఒక తీపిలో పెరుగు, జున్ను, పాలకోవా లాంటి క్రీము, ఐస్‌క్రీమ్ అన్నీ ఆ ఒక్క పాలతోనే ఉంటాయి, మందలో నిలబడినట్టు అనిపించాలని గొర్రె ఉన్ని వాసన కూడా తోడు చేశారు. పక్క బల్ల నుంచి ఘాటైన సెంటు వస్తే ఇదంతా పాడైపోతుంది.

వైన్. జోసెప్ రోకా వైన్లకు ఒక ప్రపంచమే కట్టాడు. షాంపేన్, రీస్‌లింగ్, బుర్గుందీ, ప్రియొరాట్, హెరెస్ షెర్రీ, ఈ అయిదు రకాల వైన్లకూ అక్కడ విడివిడిగా గదులున్నాయి. జాబితా పుస్తకాలను చక్రాల బండి మీద తోసుకొస్తారు. తాగే అలవాటున్నవాళ్లకు వంటవంటకూ జత చేసిన వైన్ల వరస ఒక చదువు. కానీ పోసేది కొద్దికొద్దిగానే అయినా సార్లు చాలా, చివరికి తీపి వచ్చేసరికి నాలుక మొద్దుబారిన అతిథులను చాలామందిని చూశాను. ఎక్కువ అలవాటు లేకపోతే ఇద్దరూ కలిసి రెండు మూడు గ్లాసులు చెప్పుకోండి, అందులో ఒకటి షెర్రీ ఉండేలా చూడండి, ఉప్పటి చేపలతో దాని జోడీ వేరే దేనికీ రాదు. తాగకపోతే "మేము మద్యం తాగం" అని మెయిల్లోనే రాసేయండి, మద్యం లేని పానీయాల గురించి అడగండి. తాగలేదని మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు.

ఖర్చు: మనిషికి మెనూ ఒక్కటే 250 యూరోల పైమాట, వైన్ల వరస తీసుకుంటే ఇంకో వందకు పైగా. పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు, మీకు మనసైతే ఇవ్వండి. ఈ డబ్బు ఎటు పోతుందంటే చాలావరకు మనుషుల జీతాలకే. ఇలాంటి చోట తినేవాళ్లు ఎందరో పనిచేసేవాళ్లు దాదాపు అందరు. బట్టలు శుభ్రంగా, నలగకుండా ఉంటే చాలు, సూటు అక్కర్లేదు. చీర కట్టుకుంటే ఎంతో బాగుంటుంది.

దీన్ని చదివి వెళ్లాలనుకునే మిగతావాళ్లకు ఒక మాట. ఆ రెస్టారెంట్ బుకింగ్ పదకొండు నెలల ముందు, నెల మొదటి తారీఖు అర్ధరాత్రి తెరుచుకుంటుంది, నిమిషాల్లో అయిపోతుంది. దొరక్కపోతే నిరాశ పడక్కర్లేదు. అదే అన్నదమ్ములు 2021లో జిరోనా పాత ఊళ్లో నోర్మల్ అనే రెస్టారెంట్ తెరిచారు, సంప్రదాయ కాటలన్ వంట, అందుబాటు ధర. వాళ్ల చాక్లెట్ చేసే ఇల్లు కాసా కాకావ్, జోర్ది ఐస్‌క్రీమ్ కొట్టు రోకాంబొలెస్క్ కూడా నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. మొదటిసారి వచ్చేవాళ్లలో కొందరికి నేను సెల్లెర్ కన్నా ముందు ఇవే చెప్తాను.

భోజనం మధ్యలో వడ్డించేవాళ్లను ప్రశ్నలు అడగండి. "ఇది మీ ఇంట్లో ఎలా వండుతారు?" అని అడిగి చూడండి. ప్లేటు గురించి నేర్చుకున్న నాలుగు వాక్యాలు పక్కన పెట్టి, వాళ్ల అమ్మమ్మ చేసే సుకెట్ గురించి మాట్లాడటం మొదలుపెడతారు. నేను వడ్డించిన రోజుల్లో అలా అడిగిన అతిథుల బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడేవాణ్ని. వీలుంటే చివర్లో వంటిల్లు చూడొచ్చా అని అడగండి, రద్దీ లేకపోతే సంతోషంగా చూపిస్తారు.

ఇక మీరు ఈ వారమే చేయాల్సిన పని మెయిల్. ఇంగ్లీషులో రాస్తే చాలు. పైన చెప్పినట్టు ముగ్గురికీ మూడు జాబితాలు, లేదా అమ్మగారు రానంటే రెండు. జవాబులో వాళ్లు ఒక్కొక్కటీ ఒప్పుకున్నారో లేదో సరిచూసుకోండి. "సరే, గమనించాం" అని మాత్రమే వస్తే ఇంకోసారి రాసి, జిలాటిన్, దూడ మాంసం, ఎముకల ఎసరు, ఈ మూడింటి గురించి విడిగా అడగండి. ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ గుర్తుచేయండి, ఆ మెయిల్ కాపీ ఫోన్లో ఉంచుకుని, బల్ల దగ్గర కూర్చోగానే మొదటి చిరుతిండి రాకముందే ఒకసారి చూపించండి. మీ తేదీలు చెప్తే పలమోస్ వేలానికి ఏ బస్సు సరిపోతుందో కూడా రాస్తాను.